వానాకాలంలో తలుపు చిత్రిక పట్టకూడదు

విశాఖపట్నం

అమ్మాయీ,

త్రిశూర్ నుంచి మన షిప్‌యార్డుకి వచ్చిన కథోలిక వడ్రంగి జోసెఫ్ మీద నువ్వు రాసిన కథ అందింది. నన్ను మాస్టారూ అన్నావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. తీరిగ్గా జవాబిద్దామనుకున్నాను గానీ ఏడో పేజీ నన్ను ఊరుకోనివ్వలేదు.

ఏడో పేజీలో శ్రావణమాసం ముసురు. వీధి తలుపు పట్టేసింది. కోడలు కేకేసింది. పెద్దాయన జోసెఫ్ మేస్త్రి జపమాల సవరించుకుంటూ వచ్చి, చిత్రిక తీసి, ఆ వానలోనే తలుపు అంచు పట్టేశాడు. తలుపు "ఆయన మాట విన్నట్టు" మూసుకుంది.

షిప్‌యార్డులో కర్రపని చేసి రిటైరైనవాడు ఆ పని చచ్చినా చెయ్యడు. గాలిలో చెమ్మ తాగితే కర్ర అడ్డంగా ఉబ్బుతుంది. నిలువునా దాదాపు కదలదు. అడుగు వెడల్పు టేకు పలక తీసుకుంటే ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు దాకా తేడా వస్తుంది. ఉబ్బి ఉన్నప్పుడు ఆ మేరకి తీసేస్తే, సంక్రాంతి దాటి గాలి ఆరాక తలుపుకీ ద్వారబంధానికీ మధ్య పెన్సిలు దూరుతుంది. గడియ అందదు. పనిలో చేరిన ఏడాది కుర్రాళ్ళు చేసే తప్పు అది.

మేస్త్రి అయినవాడు ముందు మడతబందుల దగ్గరికి వెళతాడు. పై మడతబందు స్క్రూలు వదులైతే తలుపు వాలి, గడియ వైపు కింది మూల గడపకి రాసుకుంటుంది. ఇంట్లోవాళ్ళు దాన్నే "ఉబ్బింది" అంటారు. మన ఊరి ఉప్పుగాలికి ఇనుప స్క్రూ కర్రలోపలే తుప్పు పట్టి చుట్టూ ఉన్న కర్రని నల్లగా తినేస్తుంది. అలాంటప్పుడు స్క్రూ ఊడదీసి, ఆ బెజ్జంలో టేకు చీల దిగ్గొట్టి, దాని మీద మళ్ళీ సన్నగా బరమా పెట్టి ఇత్తడి స్క్రూ బిగించాలి. మడతబందు బాగానే ఉంటే ద్వారబంధం లోపలి వైపు సుద్ద పూసి తలుపు ఒకసారి మూసి తెరుస్తాడు. తెల్ల మరక ఎక్కడ అంటిందో అక్కడ రాసుకుంటోందన్నమాట. ఆ చోట కొవ్వొత్తి ముక్క రుద్ది, "మిగతాది సంక్రాంతి వెళ్ళాక చూద్దాం" అంటాడు. కోడలు సణుగుతుంది.

నీ కథ ఇక్కడుంది, నువ్వేమో చిత్రిక పట్టుకుని వెళ్ళిపోయావు. ఏ కొవ్వొత్తి రుద్దాడు? ఫిబ్రవరి 2న గుడిలో మంత్రించి ఇచ్చిన కొవ్వొత్తి ఆ ఇంట్లో ఒకటి ఉంటుంది. పిడుగులు పడుతున్నప్పుడో, ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినప్పుడో వెలిగించడానికి దాచుకుంటారు. కరెంటు పోతే వెలిగించే మామూలు కొవ్వొత్తి వేరే ఉంటుంది, దాని ముక్కే పనిముట్ల పెట్టెలోకి వెళుతుంది. మనవడు తెలియక మొదటిది పట్టుకొచ్చి చేతికిస్తే ఆయన ఏం చేస్తాడు? అది రాస్తే ఆయన "భక్తిపరుడు" అని పదకొండు చోట్ల చెప్పుకోనక్కర్లేదు. అవును, లెక్కపెట్టాను. నిష్ఠాపరుడు రెండు, దైవభీరువు ఒకటి, అవి వేరే.

నాకో మొండిపట్టు ఉంది. పనివాడి గురించి రాసేవాడు ముందు పని రాయాలి. ఆయన మంచితనం, మూర్ఖత్వం, దేవుడు, పెళ్ళాం, పిల్లలు అన్నీ ఆ పనిలోంచి రావాలే తప్ప పక్కనుంచి తెచ్చి అతికించకూడదు. ఈ మాట ఎడిటర్లకి నచ్చదు. నా కథలో బంక కాచే పేరా కోసేసి వెన్నెల పేరా ఉంచిన వారపత్రికాయన ఒకడున్నాడు. "పాఠకుడికి బంక ఎందుకండీ" అన్నాడు. ఆ పత్రిక మూతపడి చాలా కాలమైంది. ఆ బంక సంగతి నీకు చెబుతాను.

1955లో నీ జోసెఫ్ ఫెవికాల్ డబ్బా మూత తీశాడు. ఫెవికాల్ వచ్చిందే 1959లో. అంతకు ముందు వాడింది తోలూ ఎముకలూ ఉడికించి చేసిన బంక. బిళ్ళలుగా, ముక్కలుగా అమ్మేవారు. రాత్రి చన్నీళ్ళలో నానేస్తే తెల్లారేసరికి మెత్తటి ముద్దవుతుంది. దాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, అందులో చిన్న గిన్నె పెట్టి కాచాలి. మరిగిందంటే బలం పోతుంది. ఆ వాసనకి ఆడవాళ్ళు ముక్కు మూసుకునేవారు. వేడి మీద గబగబా పూసి గబగబా బిగించాలి, చల్లారితే పట్టదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ బంకకి చెమ్మ పడదు. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో ఒక్క బంకనే నమ్ముకుని తలుపు చేస్తే నాలుగు వానాకాలాలకి మూలలు విచ్చుకుంటాయి.

అందుకే మంచి వడ్రంగి బంకని నమ్మడు, అతుకుని నమ్ముతాడు. అంగుళంన్నర మందం తలుపనుకో. అడ్డపట్టీ చివర అరంగుళం మందాన నాలుక కోస్తాడు, మూడో వంతు అన్నది వాళ్ళ లెక్క. నిలువు పట్టీలో దానికి సరిపడా బెజ్జం తొలుస్తాడు. నాలుక ఆ బెజ్జంలోకి చేత్తో నెడితే దూరకూడదు, సుత్తితో గట్టిగా కొడితేనే దూరినా తప్పే, పట్టీ చీలుతుంది. కర్రసుత్తితో మెల్లగా తట్టితే దిగాలి. తర్వాత చీల కోసం బెజ్జం పెడతాడు చూడు, అదీ పనితనమంటే. నిలువు పట్టీలో పెట్టిన బెజ్జానికీ నాలుకలో పెట్టిన బెజ్జానికీ మధ్య అంగుళంలో పదహారో వంతు తేడా ఉంచుతాడు, నాలుకలోది భుజం వైపుకి జరిపి. వెదురు చీల కొడుతుంటే ఆ తేడా సరిచేసుకోబోయి అతుకు లోపలికి లాక్కుంటుంది. బంక కరిగిపోయినా ఆ మూల కదలదు.

మధ్యలో పలక మాత్రం స్వేచ్ఛగా ఉండాలి. పట్టీలలో అరంగుళం లోతు గాడి తీసి, పలకని అందులోకి అంగుళంలో మూడు ఎనిమిదో వంతులే పోనిస్తారు. మిగిలిన సందు ఉబ్బడానికి. పలకకి బంక పూయరు, మేకు కొట్టరు. తెలియనివాడు "గలగలమంటోంది" అని మేకు కొడతాడు, వేసవిలో పలక నడిమికి పగులుతుంది.

ఇదంతా కథలో పెట్టమనడం లేదు. ఇది నీకు తెలిసి ఉంటే "ఆయన చేతిలో చెక్కకి ప్రాణం వచ్చేది" అని రాసి ఉండేదానివి కాదు. ఆ వాక్యం కొట్టెయ్.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. "షిప్‌యార్డులో కార్పెంటర్" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎలాంటి కార్పెంటర్? ఓడ చుట్టూ పరంజా కట్టి పలకలు పరిచేవాడు ఒకడు. కేబిన్లలో బల్లలు, అలమరలు, తలుపులు చేసేవాడు ఇంకొకడు. లాఫ్టులో నేల మీద ఓడ గీతలు నిజం కొలతకి గీస్తే, వాటి మీద సన్న కర్రపట్టీలు వంచి, రేకు కోయడానికి నమూనాలు చేసేవాడు మరొకడు. వీళ్ళ జీతాలు వేరు, గర్వాలు వేరు, మోకాళ్ళ నొప్పులు కూడా వేరు. లాఫ్టువాడికి రోజంతా నేల మీద వంగే పని.

పోత పోసే వర్క్‌షాపు ఉంటే అక్కడ ప్యాట్రన్ చేసేవాడు ఉంటాడు. నన్నడిగితే నీ పెద్దాయనకి ఆ పని ఇవ్వు. ఇసకలో అచ్చు దిగడానికి వస్తువుని ముందు కర్రతో చేసేది అతనే. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుంటుంది కాబట్టి కర్ర నమూనా పెద్దదిగా ఉండాలి: పోత ఇనుముకి అడుక్కి అంగుళంలో ఎనిమిదో వంతు, ఇత్తడికి మూడు పదహారో వంతులు, ఉక్కుకి పావు అంగుళం. ప్రతిసారీ లెక్క కట్టుకోకుండా అతని దగ్గర వేరే స్కేళ్ళు ఉంటాయి. చూడ్డానికి మామూలు స్కేలే, అడుగు అనే ఉంటుంది, కానీ ఇనుము స్కేల్లో ఆ అడుగు 12 అంగుళాల మీద అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. ఇనుము స్కేలుతో ఇత్తడి పోత నమూనా చేస్తే పోతంతా దండగ. ఇసకలోంచి నమూనా పైకి తీసేటప్పుడు అంచులు విరగకుండా పక్కలు కొంచెం ఏటవాలుగా చెక్కాలి. లోపలి మూలలు గుండ్రంగా నింపాలి, లేకపోతే పోతలో అక్కడే పగులు మొదలవుతుంది. ఇంతా చేస్తే అతని పని ఓడలో ఎక్కడా కనబడదు. కర్ర నమూనా అటకెక్కుతుంది, ఇనుము ఓడెక్కుతుంది. పొద్దస్తమానం తక్కువ మాట్లాడే మనిషిగా రాశావు కదా, అతనికి ఇంతకంటే తగిన పని నాకు కనబడలేదు.

మన షిప్‌యార్డులో కట్టిన మొదటి ఓడ 'జల ఉష' పేరా తీసెయ్. ఆ ఓడ నీళ్ళలోకి దిగింది 1948 మార్చి 14న, నెహ్రూ వచ్చాడు. నీ జోసెఫ్ రైలు దిగింది 1955లో. ఓడ దిగే దృశ్యం కావాలంటే తర్వాతి ఓడ ఏదైనా పెట్టుకో, పేరు అక్కర్లేదు. దండలు, బాజాలు, కొబ్బరికాయ కాదు నువ్వు చూడాల్సింది. ముందు రోజుల పని చూడు. ఏటవాలు కర్రదారుల మీద గ్రీజు పూత, దాని మీద జారే కర్రలు, వాటి మీద ఓడని పట్టుకునే ఊయల లాంటి కట్టు. అప్పటిదాకా ఓడ బరువంతా అడుగున దిమ్మల మీద ఉంటుంది. ఆ బరువుని దారి మీదికి మార్చడానికి రెండు పక్కలా వందల వెడ్జీలు, అంటే ఒక కొస సన్నగా ఒక కొస మందంగా కోసిన గట్టి కర్రలు, వరసగా నిలబడి ఒకే దరువున సుత్తులతో దిగ్గొడతారు. ఒకడు ముందు కొట్టి ఒకడు వెనక కొడితే కుదరదు. బరువు మారాక అడుగు దిమ్మలు తప్పిస్తారు. ఆ తర్వాత పోటు చూసుకుని వదలడమే. ఎండకి గ్రీజు మరీ పల్చబడినా, బరువుకి నలిగి పక్కలకి కారిపోయినా కర్రకి కర్ర రాసుకుని ఓడ మధ్యలో ఆగిపోగలదు. మినిస్టర్ల ముందు అలా ఆగితే ఆ దరువు వేసినవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో ఊహించు. ఆ రాత్రి ప్రతి ఇంట్లోనూ జపమాలో, దీపమో, తాయెత్తో ఏదో ఒకటి ఉండి ఉంటుంది.

రాక గురించి కొంచెం. 1955లో "కేరళ రాష్ట్రం నుంచి" వచ్చాడన్నావు. కేరళ 1956 నవంబరు 1న ఏర్పడింది. అప్పటికి అది తిరువాంకూర్-కొచ్చి. మనది ఆంధ్రరాష్ట్రం. దిగిన స్టేషను బోర్డు మీద వాల్తేరు అని ఉంటుంది. రైల్లో కూలీకి "యాభై పైసలు" ఇచ్చాడు, దశాంశ నాణేలు 1957 ఏప్రిల్లో గానీ రాలేదు, అణాల్లోకి మార్చు. ఇవి చిన్న తప్పులు, ఎవరైనా దిద్దుతారు. వాళ్ళు దిద్దలేనిది చెబుతాను. త్రిశూర్ పక్క పాత పద్ధతిలో నేర్చుకున్న వడ్రంగికి కొలత కోలు. 24 విరళ్ళు ఒక కోలు, మన లెక్కలో సుమారు 72 సెంటీమీటర్లు. ఇక్కడ గేటు దాటగానే అడుగులు, అంగుళాలు, అంగుళంలో ముప్పైరెండో వంతులు. చెయ్యి కొత్త కొలతకి అలవాటు పడేదాకా ప్రతి కోతకీ రెండుసార్లు కొలుస్తాడు, ఫోర్‌మన్ దాన్ని మందకొడితనం అనుకుంటాడు. తెలుగు రాక ఇబ్బంది పడ్డాడని అరపేజీ రాశావు. మాట రాకపోవడం ఎవడైనా రాస్తాడు.

విశాఖ మూడు కొండల మీద మూడు మతాల గుళ్ళు, సముద్రం, లైట్‌హౌసు, పేజీంబావు. తీసెయ్. ఈ ఊరి మీద రాసే ప్రతివాడూ ఆ పేజీ రాస్తాడు, బహుమతులూ దానికే వస్తాయి. షిప్‌యార్డు పక్క మల్కాపురం నుంచి ఆదివారం పొద్దున్నే ఒక కుటుంబం జ్ఞానాపురం కెథెడ్రల్‌కి ఎలా చేరుతుందో రాయి. సైకిలు మీద ముందు ఎవరు, వెనక ఎవరు, బస్సులో ఎవరు, పసిపిల్ల ఏడిస్తే బయటికి తీసుకెళ్ళేది ఎవరు. డిసెంబరు 8న కొండగుడి పండగకి రాస్ హిల్ మెట్లు ఆయన చెప్పులు లేకుండా ఎక్కితే, మోకాళ్ళ సంగతి ముందు చెప్పాను గుర్తుందా, అక్కడ వాడుకో.

ఇప్పుడు అసలు కోపం. ఫాదర్ గారి భార్య టీ తెచ్చిందా? అమ్మాయీ, ఇక్కడి కథోలిక గురువులు పెళ్ళి చేసుకోరు! ఇది చదివిన కథోలికులు నీ కథ పక్కన పడేస్తారు, తర్వాత నువ్వు ఎంత బాగా రాసినా నమ్మరు. అంతకంటే లోతైన తప్పు ఇంకోటుంది. 1955లో ఆదివారం పొద్దున అందరూ ఇడ్లీలు తిని పూజకి వెళ్ళి సత్ప్రసాదం, అంటే పూజలో గురువు ఇచ్చే రొట్టె, తీసుకున్నారు. అప్పట్లో సత్ప్రసాదం తీసుకునేవాళ్ళు అర్ధరాత్రి నుంచీ ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగితే ఉపవాసం చెడదని వెసులుబాటు వచ్చింది కూడా 1953లోనే. 1957లో దాన్ని మూడు గంటలు చేశారు, 1964లో ఒక గంట. శనివారం రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడి సంగతి ఆలోచించు. తెల్లవారుజామున క్యాంటీన్‌లో టీ వాసన వస్తుంటుంది, తాగితే ఆ పూట సత్ప్రసాదం లేదు. పక్కవాళ్ళు "తాగు మేస్త్రీ" అంటారు. తాగడు. ఒకసారి తాగితే? అప్పుడు గుడిలో అందరూ లేచి ముందుకి వెళుతుంటే ఆయన బల్ల మీదే కూర్చుంటాడు, పిల్లలు చూస్తారు. నిష్ఠ అన్న మాట లేకుండా నిష్ఠ రాయడానికి నీకు ఒక్క గ్లాసు టీ చాలు.

ఆయన ఏ కథోలికుడో కూడా నిర్ణయించుకో. త్రిశూర్ అంటున్నావు కాబట్టి ఎక్కువగా సిరియన్ కథోలికుడై ఉంటాడు, అంటే సురియానీ పద్ధతిలో పూజ చేసుకునే కేరళ కథోలికుడు. అలాగైతే చిన్నప్పట్నుంచీ విన్న పూజ సురియానీ భాషలో. అక్కడ అది మలయాళంలోకి మారింది 1962లో. మన ఊళ్ళో లాటిన్ రీతి. అంటే 1955లో జ్ఞానాపురంలో కూర్చున్న ఆ మనిషికి పూజ క్రమమూ కొత్తే, పాటలూ కొత్తే. ఈస్టరు ముందు వాళ్ళు పాటించే యాభై రోజుల నోంబు, అంటే ఉపవాసకాలం, ఆదివారం రాత్రి మాంసం పెట్టేసుకుని సోమవారం మొదలవుతుంది. ఇక్కడ విభూది బుధవారం. ఆ సోమవారం, మంగళవారం ఇంట్లో మాంసం ఉండదు, పక్కింటి కథోలికుల ఇంట్లో కూర ఉడుకుతుంటుంది. పిల్లలు అడుగుతారు, మనమూ వాళ్ళూ ఒకటే కదా అని. దానికి ఆయన జవాబు ఏమిటో నాకు తెలియదు, అది నువ్వు రాయాల్సింది.

తర్వాత పూజ పద్ధతుల్ని మార్చిన వాటికన్ సభ వచ్చింది. లాటిన్ పోయి తెలుగు వచ్చింది. గోడకి ఆనించిన పీఠం వదిలి గురువు జనం వైపు తిరిగి పూజ చెయ్యడం మొదలైంది 1965 ప్రాంతాల్లో. నువ్వు దీన్ని ఒక వాక్యంలో దాటేశావు, "కాలం మారింది" అని. అయ్యో, ముందుకి జరిపిన ఆ కొత్త బల్ల ఎవరు చెయ్యాలి? చాలా గుళ్ళలో సత్ప్రసాదం కోసం మోకరిల్లే కటకటాలు ఎవరు ఊడదియ్యాలి? ఊరి కథోలికుల్లో పనితనం ఉన్న వడ్రంగినే పిలుస్తారు. ఆయనకి ఆ మార్పు ఇష్టం లేదనుకో. ఫాదర్ గారి మాట కాదనలేడు. సుమారు 40 అంగుళాల ఎత్తు బల్ల, టేకు చేవ, పైన ఒక చోట మంత్రించిన రాతిపలక దిగేలా గుంట తొలవాలి. రాయి కదలదు, కర్ర కదులుతుంది. బిగుతుగా కూర్చోబెడితే వేసవిలో కర్ర ముడుచుకుని, రాయి మూల నుంచి బల్ల నిలువునా పగులుతుంది. చుట్టూ సందు వదలాలి. తనకి ఇష్టం లేని పని కాబట్టి బిగుతుగా కూర్చోబెట్టి ఊరుకుంటాడా, సందు వదులుతాడా? నీ కథలో పెద్దాయన గుండెల్లోకి చూడ్డానికి ఇంతకంటే పెద్ద కిటికీ నేను ఇవ్వలేను.

ఇంటి పెద్దరికం గురించి. "ఆయన మాటే శాసనం" అట. శాసనం ఎప్పుడు చెల్లింది, ఎప్పుడు చెల్లలేదు? ఆ ఇళ్ళలో పొద్దుగూకాక జపమాల చెప్పుకుంటారు. అయ్యాక పిల్లలు వరసగా పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చి "ఈశో మిశిహాయ్‌క్కు స్తుతియాయిరిక్కట్టె" అని స్తుతి చెబుతారు. ఇక్కడ పుట్టి జ్ఞానాపురంలో తెలుగు మీడియం చదివిన మూడో కొడుకు ఎప్పటినుంచి దాన్ని గొణగడం మొదలుపెట్టాడు? ఎప్పుడు మానేశాడు? అది రాయి.

పేర్లు చూడు. పెద్ద మనవడి పేరు కిరణ్ అని పెట్టేశావు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ సమాజంలో మొదటి మగపిల్లాడికి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. పెద్ద కొడుక్కి పుట్టిన మొదటివాడు జోసెఫ్ కావాలి, ఇంట్లో ఔసేప్ అని పిలవాలి. కిరణ్ అయ్యాడంటే ఆ ఇంట్లో ఒక యుద్ధం జరిగింది. నువ్వు ఆ యుద్ధాన్ని రాయకుండా వాడికి పుట్టినరోజు కేకు కోయించావు.

పెద్ద గురువారం రాత్రి ఇంట్లో అప్పం కోసి పంచుకునే పెసహా ఒక్కటి సరిగ్గా రాస్తే నీ పెద్దరికం అంతా అందులో ఉంటుంది. పచ్చిబియ్యం పిండి, మినప్పప్పు, కొబ్బరి, కొంచెం జీలకర్ర, ఉల్లి రుబ్బి, పులియనివ్వకుండా ఆవిరి మీద ఉడికిస్తారు. మీద మట్టల ఆదివారం తెచ్చిన ఆకుతో చిన్న సిలువ. పక్కన బెల్లం, కొబ్బరిపాలతో కాచిన పాలు. ప్రార్థన అయ్యాక ఇంటి పెద్ద కోసి, వయసు వరసన పంచుతాడు, పెద్దవాళ్ళకి ముందు. ఆ ఏడాది చావు జరిగిన ఇంట్లో అప్పం చెయ్యరు, బంధువులు తెచ్చిస్తారు. త్రిశూర్‌లో బంధువులు వీధికి నలుగురుంటారు. మల్కాపురంలో పెద్దామె పోయిన ఏడాది ఎవరు తెచ్చిస్తారు? ఆయన చెయ్యి వణికే రోజు వచ్చినప్పుడు కత్తి ఎవరి చేతికిస్తాడు? అలిగి వెళ్ళిపోయిన పెద్దకొడుకు ముక్క పళ్ళెంలో ఉంచుతారా, ఉంచరా?

ఆయన చావు కూడా వానలోనే పెట్టావు. ఈ ముసలివాళ్ళంతా వానలోనే ఎందుకు చస్తారో నాకు తెలియదు, ఈ మధ్య కథల పోటీల్లో ఎండలో చచ్చినవాడు ఒక్కడూ లేడు. సరే, చావనీ. శవపేటిక "కొనుక్కొచ్చారు" అని రాశావు. వడ్రంగి ఇంట్లో! పేటిక చెయ్యడం తెలిసిన కొడుకు కనీసం ఒకడు ఉండి ఉండాలి కదా. మనిషి పొడవుకి రెండు మూడంగుళాలు కలిపి, భుజాల దగ్గర వెడల్పు, కాళ్ళ దగ్గర సన్నం. పక్క పలక భుజం దగ్గర వంగాలంటే లోపలి వైపు రంపంతో మందంలో మూడింట రెండు వంతుల లోతున వరసగా గాట్లు పెట్టి, వేణ్ణీళ్ళు పోసి మెల్లగా వంచాలి. లోతు ఎక్కువైతే విరుగుతుంది, తక్కువైతే వంగదు. తండ్రి దగ్గర నేర్చుకున్న కొడుకు ఆ గాట్లు ఎంత లోతు పెట్టాలో కొలవడు, రంపం శబ్దం బట్టి ఆపుతాడు. నలుగురు కొడుకుల్లో రంపం పట్టింది ఎవరు, దీపం పట్టుకున్నది ఎవరు, గేటు దగ్గర ఫోను మాట్లాడుతూ నిలబడ్డది ఎవరు? ఆస్తి తగాదా గురించి నువ్వు రాసిన ఆరు పేజీలు అప్పుడు అక్కర్లేదు.

ఒక్క చోట మాత్రం నన్ను పట్టుకున్నావు. చెవుడొచ్చాక పూజలో అందరూ తెలుగులో ప్రార్థన ముగించి ఊరుకున్నాక, ఆయన గొంతు ఒక్కటీ మలయాళంలో ఇంకా నడుస్తూ ఉంటుందని, ఎవరూ వెనక్కి తిరిగి చూడరని రాశావు. దాన్ని ముట్టుకోకు, ఎవరు దిద్దుతానన్నా ఒప్పుకోకు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. నవల చెయ్యొచ్చా అని కూడా అడిగినట్టున్నావు. ముందు ఇది చెయ్యి. రెడీమేడ్ తలుపుల షాపుకి కాదు, పాత పద్ధతిలో పలకల తలుపు చేసే మేస్త్రి దగ్గరికి వెళ్ళు, కంచరపాలెం వైపు అడిగితే ఎవరో ఒకరు ఉంటారు. పొద్దున్నే వెళ్ళు, ఉలి నూరే వేళకి. ఏమీ అడక్కుండా ఒక పూట కూర్చో. చెమ్మ గురించి ఒకటే ప్రశ్న అడుగు, మిగతాది ఆయనే చెబుతాడు. ఉలి చూడమని చేతికిస్తే అంచు మీద వేలు పెట్టకు. మలయాళీ ఇంటికి పెసహా గురించి అడగడానికి వెళితే శ్రమల వారంలో వెళ్ళకు, వాళ్ళకి తీరిక ఉండదు.

మళ్ళీ రాసి పంపేటప్పుడు అక్షరం 14 సైజు పెట్టి, పేజీకి ఒక పక్కనే ప్రింటు తియ్యి. నాకు మార్జిన్ కావాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు